మామగారు దిద్దిన సర్క్యూట్

ఆ ఆదివారం పొద్దున డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. ముందుగది గోడల నిండా తగిలించిన తన బొమ్మల మధ్య కుర్చీ వేసుకుని, ఏ పనీ లేనట్టు కూర్చోవాలి. పది గంటలకు ఊళ్లోని చిత్రశాల నుంచి ఒక మనిషి వచ్చి వీధి తలుపు దగ్గర బటన్ నొక్కుతారు. ఇంట్లో గంట మోగుతుంది. మాస్టారు వెళ్లి తలుపు తీస్తారు. ఆ వచ్చినవారు బొమ్మలన్నీ చూసి, నచ్చితే వచ్చే నెల ప్రదర్శనలో పెడతారు. నచ్చకపోతే ఏమవుతుందో మాస్టారు పథకంలో రాసుకోలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల చేత కుండలూ, అరటిపళ్లూ, ముక్కాలిపీటలూ గీయించిన మనిషి ఆయన. సొంతానికి గీసుకున్న బొమ్మలు ఇప్పటిదాకా సొంత గోడల మీద తప్ప ఇంకెక్కడా వేలాడలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తనది కాని గోడ మీద తన బొమ్మ చూసుకోవాలని ఆయన కోరిక. దానికిప్పుడు అడ్డం ఉన్నవి రెండే. ఒకటి ఆ వచ్చే మనిషి అభిప్రాయం, రెండోది గంట. అభిప్రాయం సంగతి దేవుడెరుగు, గంటను మాత్రం సొంత అల్లుడే తయారుచేశాడు. మాస్టారి బెంగంతా దాని గురించే.

"అల్లుడుగారూ, ఇవాళ ఆ గంట సరిగ్గా మోగాలి. మా అమ్మాయిని మీ చేతిలో పెట్టాక నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు" అన్నారు అద్దంలో చూసుకుంటూ.

"మోగుతుంది మావయ్యగారూ."

"అడగలేదు గానీ, అన్నారు. చాలా అన్నారు" అంది అత్తగారు వంటింట్లోంచి.

అల్లుడి ఉద్యోగం సర్క్యూట్ బొమ్మలు గీయడం. కంప్యూటర్ తెర మీద ఈ ముక్కకీ ఆ ముక్కకీ వైర్లు గీస్తాడు. ఆ బొమ్మను బట్టి ఎవరో బోర్డు తయారుచేస్తారు. తమ ఇంట్లో నీళ్ల పైపు పగిలి నేలంతా తవ్వాల్సి రావడంతో భార్యాభర్తలిద్దరూ కొన్నాళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. వేరే గది లేక అతని కంప్యూటర్‌ను మాస్టారి బొమ్మల గదిలోనే పెట్టారు. మొదటిరోజే మాస్టారు కుంచె కడుక్కుంటూ వచ్చి అల్లుడి భుజం మీదుగా తొంగిచూశారు.

"మీరు ఉద్యోగం చేస్తారనుకున్నాను. గీతలు గీస్తారా?"

"ఇదే ఉద్యోగమండీ."

"ఇలాంటి గీతలకి జీతం కూడా ఇస్తారూ?" అని మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ రోజు నుంచి అల్లుడికి ఆఫీసులో ఒక పైఅధికారి, ఇంట్లో ఒక పైఅధికారి. ఆఫీసులో ఆయన కనీసం భోజనానికి వెళ్లేవాడు.

ఇక గంట కథ. ఆ మేడకు ఎనిమిది అంతస్తులు, అంతస్తుకు ఒక ఇల్లు. మాస్టారిది ఒకటో నంబరు, అంటే అన్నిటికన్నా కిందిది, వీధి తలుపుకు నాలుగడుగుల్లో ఉంటుంది. ఎనిమిదో నంబరు పళ్ల డాక్టరుది, ఆయన ఆసుపత్రి కూడా ఇంట్లోనే. వీధి తలుపు బయటనుంచి తెరుచుకోదు, ఎవరి కోసం వస్తే వాళ్లే దిగివచ్చి తీయాలి. ఇంతకాలం మేడ మొత్తానికీ మెట్ల కింద ఒక్కటే గంట ఉండేది. ఎన్నో అంతస్తుకు వెళ్లాలో అన్నిసార్లు నొక్కాలని కట్టడి. పంటి నొప్పితో వచ్చినవాళ్లు ఎనిమిదిసార్లు నొక్కబోయి, మధ్యలో లెక్క తప్పి, మళ్లీ మొదటికొచ్చేవారు. ఆ కాసేపూ మేడంతా చేతిలో చెంచాలు పట్టుకుని లెక్కపెడుతూ నిలబడిపోయేది.

ఈ గోల భరించలేక అందరూ సమావేశమై, ఇంటికో బటన్ ఉన్న పెట్టె పెట్టిద్దామన్నారు. "మా అల్లుడున్నాడు" అని మాస్టారు చెయ్యెత్తారు. ఆ మాటలో గర్వం వినిపించి ఆయనకే కొత్తగా అనిపించింది.

"మంచిదే. ఆ ఇంట్లో ఒక్కరైనా ఏది గీయబోతే అదే గీసేవాళ్లుండాలి" అన్నాడు పళ్ల డాక్టరు, మాస్టారి వైపు చూడకుండా.

ఈ దెప్పు వెనక ఒక గుర్రం ఉంది. రెండేళ్ల కిందటి దాకా మాస్టారూ డాక్టరూ రోజూ సాయంత్రం చదరంగం ఆడేవారు. అప్పట్లో మాస్టారు ఒక గుర్రం బొమ్మ వేసి, అందరూ చూస్తారని కింద హాల్లో తగిలించారు. డాక్టరు దాని ముందు చాలాసేపు నిలబడి, ఎంతో మెచ్చుకోలుగా, "మాస్టారూ, ఎవరిదండీ ఈ గాడిద?" అన్నాడు. అంతే. మాస్టారు ఆ సాయంత్రమే బొమ్మను దించి చెత్తకుండీ దగ్గర పెట్టేశారు. ఆట మధ్యలో పావులు కూడా విడిపోయాయి. తెల్లపావులు కింద, నల్లపావులు పైన. అప్పటినుంచి ఇద్దరికీ ఆట లేదు, ఇద్దరికీ సాయంత్రాలు గడవడం లేదు, ఇద్దరూ ఆ మాట చచ్చినా ఒప్పుకోరు.

సరే, అల్లుడు గంటల పెట్టెకు సర్క్యూట్ మొదలుపెట్టాడు. తెర మీద ఎడమపక్క ఎనిమిది బటన్లు, అచ్చం మేడలాగే, పైన ఎనిమిది, కింద ఒకటి. కుడిపక్క ఇళ్లనుంచి వచ్చే తీగలు బిగించే పట్టీ. దాని లెక్క పైనుంచి మొదలవుతుంది, పైన ఒకటి, కింద ఎనిమిది. పై బటన్ నుంచి కింది చోటికి, కింది బటన్ నుంచి పై చోటికి వైర్లు గీసేసరికి మధ్యలో అన్నీ అడ్డదిడ్డంగా దాటుకున్నాయి.

"ఏమిటిది, పిచ్చుకగూడా?" అన్నారు మాస్టారు వెనకనుంచి.

"దాటుతాయి గానీ తాకవండీ. కలవాలంటే అక్కడ ఒక చుక్క పెట్టాలి. చుక్క లేకపోతే ఒకదాని మీదుగా ఒకటి వెళ్లిపోయినట్టే లెక్క."

"తాకుతాయా అని నేనడిగానా? కంటికి ఎలా ఉందో చూడండి. ఇది మా ఆరో తరగతిలో గీస్తే బెంచీ ఎక్కించేవాణ్ని."

అల్లుడు సౌమ్యుడు. ఆ వైర్లన్నీ చెరిపేసి, మధ్యలో నిలువుగా ఒక లావుపాటి గీత గీశాడు. ఎడమ నుంచి ఎనిమిది పొట్టి వైర్లు, కుడి నుంచి ఎనిమిది పొట్టి వైర్లు, ఏటవాలుగా వెళ్లి ఆ గీతను అంటుకున్నాయి. ఒక్కొక్క వైరు మీదా ఒక పేరు రాశాడు. గంట ఒకటి, గంట రెండు, అలా ఎనిమిది దాకా.

"దీన్ని బస్ అంటారండీ. వైర్లన్నీ ఒక్క గీతలో కలిసి ప్రయాణం చేస్తాయి. ఏది ఎక్కడికెళ్లాలో దాని పేరు చెబుతుంది. అటుపక్క గంట మూడు అని ఉంటే, ఇటుపక్క గంట మూడు అని ఎక్కడుంటే అక్కడికే వెళ్తుంది. పైనున్నా, కిందున్నా దానికి అనవసరం."

మాస్టారు మాటలు సగం విన్నారు, గీతను మాత్రం పూర్తిగా చూశారు. కనుబొమలు మొదటిసారి ముడి విడ్డాయి. "ఇదీ గీతంటే" అన్నారు. అల్లుడు ఆ మాటను వంటింటిదాకా మోసుకెళ్లి భార్యకు చెప్పాడు. ఉద్యోగంలో పెద్ద పదవి వచ్చినంతగా ఆమె సంబరపడింది.

ఆ సంబరంలో అతను స్నానానికి వెళ్లాడు. మాస్టారు తెర ముందు కూర్చుని ఆ బొమ్మను ఇంకాసేపు ఆనందిద్దామనుకున్నారు. చూడగా చూడగా ఒక లోపం కనిపించింది. ఎడమపక్క పైనుంచి ఎనిమిది, ఏడు, ఆరు. కుడిపక్క పైనుంచి ఒకటి, రెండు, మూడు. ఎదురెదురుగా ఉన్న ఏ జంటకూ అంకె కలవడం లేదు! పాపం తొందరలో తలకిందులుగా రాసుకుని ఉంటాడు. బళ్లో ఉన్నప్పుడు తనిఖీకి పెద్దవాళ్లు వచ్చేముందు మంచి పిల్లల బొమ్మల్ని మాస్టారు గుట్టుగా దిద్దేవారు. ఇప్పుడూ ఆ వాత్సల్యమే పొంగింది. కుడిపక్క పేర్లన్నీ ఒక్కొక్కటే చెరిపి, పైనుంచి ఎనిమిది, ఏడు, ఆరు అని ఓపిగ్గా రాశారు. ఒక కన్ను మూసి చూశారు. అటూ ఇటూ ఒకే వరస. చూడముచ్చటగా ఉంది. ఇది అల్లుడికి చెప్పి చిన్నబుచ్చడం దేనికని లేచి వెళ్లిపోయారు.

అల్లుడు తల తుడుచుకుంటూ వచ్చి, బొమ్మలో తప్పులు వెతికే మీట నొక్కాడు. తప్పులు సున్నా అంది సాఫ్ట్‌వేర్. దాని దృష్టిలో నిజంగానే తప్పు లేదు. ప్రతి వైరూ ఎక్కడికో ఒకచోటికి చేరిందా లేదా అన్నదే దానికి కావాలి, సొంతింటికి చేరిందా అన్నది దాని పని కాదు. బోర్డు తయారై వచ్చాక అల్లుడు బొమ్మను ఎదురుగా పెట్టుకుని బోర్డును పరీక్షించాడు. బొమ్మలో ఎలా ఉందో బోర్డులోనూ అలాగే ఉంది. శనివారం సాయంత్రం ఎలక్ట్రీషియను వచ్చి పెట్టె బిగించి, ఒక బటన్ నొక్కి, పైనెక్కడో గంట మోగడం విని, తృప్తిగా వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున మొట్టమొదట వచ్చినవాడు ఒక బొద్దుమనిషి. ఆరో అంతస్తులో ఉండే కసరత్తు మాస్టరు దగ్గర కొత్తగా చేరదామని వచ్చి ఆరు నొక్కాడు. మూడో అంతస్తులో మోగింది. మూడులో ఉండేది బట్టలు కుట్టే పిన్నిగారు. ఆవిడ మెడలో టేపుతో దిగివచ్చి తలుపు తీసింది.

"నడుము నాలుగంగుళాలు తగ్గాలండీ" అన్నాడు బొద్దుమనిషి సిగ్గుపడుతూ.

"దానికేం భాగ్యం! సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"సాయంత్రానికా? అంతా ఆరు నెలలు పడుతుందన్నారు!"

"వాళ్లకి చేతకాక. రండి, పైకొచ్చి ప్యాంటు విప్పి ఇవ్వండి. ఆ తెర చాటున కూర్చుందురుగాని."

బొద్దుమనిషికి కొంచెం అనుమానం కలిగింది, కానీ ఆశ దానికన్నా పెద్దది. వెంట వెళ్లాడు. ఆ వెనకే ఒకావిడ చేతిసంచీలో గౌను పెట్టుకుని వచ్చి మూడు నొక్కింది. ఆరు నుంచి కసరత్తు మాస్టరు ఈల మెడలో వేసుకుని దూకుతూ దిగాడు.

"అంతా వదులైపోయిందండీ. కొంచెం బిగుతు చెయ్యాలి" అంది ఆవిడ.

"ఈ వయసులో అవుతుందండీ, సిగ్గుపడక్కర్లేదు. ఆ సంచీ అక్కడ పెట్టి, లిఫ్టు జోలికి పోకుండా ఆరో అంతస్తుదాకా ఎక్కి దిగండి. బిగుతు దానంతటదే వస్తుంది."

పిన్నిగారు చాలా కచ్చితమైన మనిషని ఆవిడకు ముందే చెప్పారు. ఈ ఈల మనిషి పిన్నిగారి తమ్ముడేమో, కొలతలకు ముందు ఇదొక పద్ధతేమో అనుకుని, నోరెత్తకుండా మెట్లెక్కడం మొదలుపెట్టింది.

అల్లుడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. గంటలు మోగుతున్నాయి, తలుపులు తెరుచుకుంటున్నాయి, మెట్ల మీద జనం తిరుగుతున్నారు. అతని మనసు తేలికపడింది. "చూశావా, ఎంత హాయిగా పనిచేస్తోందో" అన్నాడు భార్యతో.

సరిగ్గా పది గంటలకు ఒకటో నంబరులో గంట మోగింది. మాస్టారు కాలర్ సర్దుకుని తలుపు తీశారు. ఎదురుగా పొడుగాటి మనిషి, ఒక చెంపకు చేతిరుమాలు అదిమిపట్టుకుని ఉన్నాడు. అతను నొక్కింది ఎనిమిది. అతను వచ్చింది పంటి కోసం. మాస్టారికి కనిపించింది మాత్రం చెంప కింద చెయ్యిపెట్టుకుని లోతుగా ఆలోచించే కళాహృదయం.

"మీ కోసమే చూస్తున్నాను. రండి, దయచెయ్యండి" అన్నారు.

లోపల గోడలనిండా బొమ్మలు చూసి, వేచి ఉండే గది కాబోలు అనుకున్నాడు పొడుగాయన. మాస్టారు మొదటి బొమ్మ చూపించారు, వాన వెలిసిన వీధి. సరిగ్గా అప్పుడే పొడుగాయనకు పోటు లేచింది.

"అబ్బా!" అన్నాడు.

మాస్టారు ఉత్సాహంగా రెండో బొమ్మ దగ్గరకు నడిపించారు. "అమ్మో!" అన్నాడతను. మూడో బొమ్మకు కళ్లనుంచి నీళ్లు కారాయి. తన బొమ్మ చూసి ఒక మనిషి కన్నీళ్లు పెట్టుకోవడం మాస్టారు బతుకులో ఎన్నడూ ఎరగరు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి.

"మీరంతగా కదిలిపోతారనుకోలేదండీ" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"కదలడం లేదండీ, అదే బాధ. గట్టిగా పాతుకుపోయి ఉంది" అన్నాడు పొడుగాయన రుమాలులోంచి. మాస్టారికి సగమే వినిపించింది, కానీ గొప్ప మాటలా తోచింది.

"మరి ఎన్ని తీసుకుందామనుకుంటున్నారు?"

పొడుగాయన గోడకు ఆనుకున్నాడు. "ఒక్కటే! ఒక్కటే తియ్యండి! మిగతావన్నీ బాగున్నాయి!"

"బాగున్నవి వదిలేసి, బాగులేనిది తీసుకెళ్తారా?" అని మాస్టారు తెల్లబోయారు. ఇలాంటి ఆధునిక అభిప్రాయం ఆయన ఇంతకుముందు వినలేదు.

ఇంతలో మెట్ల మీద పెద్ద గోల లేచింది. అల్లుడు పరుగెత్తాడు. బొద్దుమనిషి నడుముకు పూలపూల కిటికీ తెర చుట్టుకుని దిగుతున్నాడు. "ప్యాంటు కత్తిరించేసిందండీ! నడుము తగ్గించమంటే ప్యాంటు కత్తిరించేసింది!" అని అరుస్తున్నాడు. వెనకే పిన్నిగారు కత్తెరతో వస్తోంది. ఐదో మెట్టు మీద గౌను ఆవిడ చతికిలబడి, "ఇంకెక్కలేను నాయనా, వదులుగానే తొడుక్కుంటాను" అంటోంది. కసరత్తు మాస్టరు ఈల వేస్తున్నాడు.

"మీరు ఏ బటన్ నొక్కారు?" అన్నాడు అల్లుడు బొద్దుమనిషిని పట్టుకుని.

"ఆరు."

"మీరండీ?"

"మూడు" అంది గౌను ఆవిడ.

అల్లుడు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మూడు ఆరైంది, ఆరు మూడైంది. లోపల బొమ్మల గదిలోకి పరుగెత్తి సర్క్యూట్ బొమ్మ తెరిచి చూశాడు. కుడిపక్క పేర్లన్నీ తలకిందులుగా ఉన్నాయి. తను అలా రాయలేదు, ప్రమాణం చేసి చెప్పగలడు. వెనక నిలబడ్డ అత్తగారు తెర వైపు చూసి చిన్నగా దగ్గింది.

"బాబూ, మీరు స్నానానికి వెళ్లినప్పుడు ఈయన దీని ముందు కూర్చున్నారు. నాలుక కొన బయటపెట్టారు. బొమ్మ దిద్దేటప్పుడు తప్ప ఆయన అలా పెట్టరు."

అల్లుడికి అంతా అర్థమైంది. కోపం రావాల్సిన చోట అతనికి ఎందుకో జాలి వచ్చింది. మామగారు ఇవాళ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. గోడ మీద ప్రతి బొమ్మనూ తడిగుడ్డతో తుడుచుకున్నారు. అల్లుడు బయటికి వచ్చి, మెట్ల కింద గుమిగూడిన అందరితోనూ, "క్షమించండి, బటన్లు తలకిందులయ్యాయి. ఒకటి నొక్కితే ఎనిమిదిలో మోగుతోంది, ఎనిమిది నొక్కితే ఒకటిలో. తప్పు నాదే" అన్నాడు.

గోల విని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మాస్టారు ఆ మాట విన్నారు. నెమ్మదిగా వెనకే వచ్చిన పొడుగాయన వైపు తిరిగారు.

"మీరు ఏది నొక్కారు?"

"ఎనిమిది. డాక్టరుగారూ, ఇంక ఓర్చుకోలేను, త్వరగా పీకెయ్యండి."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు. చిత్రశాల మనిషి వచ్చే ఉంటారు. ఒకటి నొక్కే ఉంటారు. అది ఎనిమిదిలో మోగే ఉంటుంది. భూప్రపంచంలో ఇన్ని ఇళ్లుండగా, తన గుర్రాన్ని గాడిదన్న ఇంట్లో!

"నా బొమ్మల గురించి అడిగితే ఆయనేం చెప్పి పంపుతాడో నాకు తెలుసు" అన్నారు. "ఒక్క గంట అడిగాను అల్లుడుగారూ. ఒక్క గంట."

అల్లుడు తలొంచుకున్నాడు. అతని భార్య, "నాన్నా, అసలు..." అని ముందుకొస్తే వద్దన్నట్టు చూశాడు. అత్తగారిని మాత్రం ఎవరూ ఎప్పుడూ ఆపలేదు.

"ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చుని మీరేం చేశారు?" అంది.

"ఏం చేశాను? చిన్న పొరపాటుంటే దిద్దాను. అటు ఎనిమిదికి ఎదురుగా ఇటు ఒకటి ఉంటే..." అని మాస్టారు ఆగిపోయారు. చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. మెట్ల మీద అందరూ ఆ చేతినే చూస్తున్నారు. బళ్లో కుర్రాడు పాఠం అప్పజెప్పినట్టు, "చోటు కాదు, పేరు చెబుతుందన్నారు కదూ" అన్నారు.

"అవునండీ."

"నేను పేర్లు మార్చాను."

"అవునండీ."

"మరి తప్పు నాదేనని మీరెందుకు అన్నారు?"

"బొమ్మ నాది కదండీ. తయారీకి పంపేముందు చూసుకోవలసింది నేనే."

మాస్టారు లేచి, అల్లుడి భుజం మీద చెయ్యేశారు. తరవాత అందరూ వినేలా, "తప్పు మా అల్లుడిది కాదు, నాది. ఆయన గీత సరైనదే" అన్నారు. ఆ కాసేపు మెట్ల మీద ఈల కూడా మోగలేదు.

"ఇంకా పైనే ఉన్నారేమో, రండి మావయ్యగారూ" అని అల్లుడు ఆయన్ను లిఫ్టులోకి లాగాడు. రెండేళ్లుగా మాస్టారు ఎనిమిది బటన్ నొక్కలేదు. ఇప్పుడూ నొక్కలేకపోతే, వెనకే దూరిన పొడుగాయన నొక్కాడు.

పైన డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. పళ్లు చూసే కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, మెడకు తెల్లగుడ్డ కట్టి ఉంది, కానీ నోరు మాత్రం డాక్టరుకు కావలసినట్టు తెరవడం లేదు.

"ముందు నోరు తెరవండమ్మా, బొమ్మ సంగతి తరవాత మాట్లాడుకుందాం" అంటున్నాడు డాక్టరు.

"ముందు ఆ బొమ్మ ఎవరిదో చెప్పండి. నేనొచ్చింది బొమ్మలు చూడ్డానికండీ. ఈ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారో మీకే తెలియాలి!"

మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎదురుగోడ మీద, మంచి చట్రంలో, దుమ్ము రేణువు లేకుండా, ఆయన గుర్రం. రెండేళ్ల కిందట చెత్తకుండీ దగ్గర వదిలేసిన గుర్రం. దాని కింద బల్ల మీద చదరంగం పలక. నల్లపావులు వరసగా నిలబడి ఉన్నాయి, ఎదురుగా తెల్లవాటి చోటు ఖాళీగా ఉంది.

దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది డాక్టరు మొహం. "చెత్తకుండీ దగ్గర కనిపించింది. ఇక్కడ మేకు ఖాళీగా ఉంటేనూ..." అని గొణిగాడు.

"వేసింది ఈయనేనండీ" అన్నాడు అల్లుడు.

పెద్దావిడ మెడలో గుడ్డతోనే లేచి వచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకుంది. "చిత్రశాలలో ఇన్నేళ్లున్నాను, ఇంత జీవం ఉన్న గాడిదని నేను చూడలేదండీ! ఆ మొండితనం, ఆ చెవుల్లో రోషం! దీన్ని ముందు గదిలో పెడదాం. కింద ఇంకా ఉన్నాయా?"

డాక్టరు గబగబా పైకప్పు వైపు చూశాడు. మాస్టారి పెదవులు ఒకసారి కదిలి ఆగాయి, మళ్లీ కదిలాయి.

"గాడిదని గీయడం అంత తేలిక కాదండీ" అన్నారు.

డాక్టరుకు దగ్గు తెర వచ్చింది. అది ఎంతకీ ఆగకపోతే మాస్టారే వెళ్లి వీపు నిమిరారు. ఆ తరవాత ఇద్దరూ పెద్దావిడ ఉన్నదని కూడా మరిచిపోయి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. పొడుగాయన మాత్రం ఎవరూ పిలవకుండానే కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.

మధ్యాహ్నం అల్లుడు తెర మీద పేర్లు సరిచేసి, పెట్టె తెరిచి పట్టీ దగ్గర తీగల చోట్లు మార్చడం మొదలుపెట్టాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే నిలబడ్డారు.

"తెర మీద మళ్లీ అటు ఎనిమిది, ఇటు ఒకటి. కంటికి ఏమాత్రం బాగోలేదు" అన్నారు.

"దిద్దుతారా మావయ్యగారూ?"

"నా చేతులు వెనకెందుకు కట్టుకున్నాననుకున్నారు?" అని, గొంతు తగ్గించి, "అన్నీ సరిచెయ్యండి గానీ, ఆ ఒకటీ ఎనిమిదీ మాత్రం రేపు చూద్దురుగాని. సాయంత్రం ఆయనకి పేషంట్లుండరు" అన్నారు.

సాయంత్రం మాస్టారు తెల్లపావుల పెట్టె చంకలో పెట్టుకుని, సొంతింట్లోంచి బయటికొచ్చి, వీధి తలుపు అవతల నిలబడి, సొంతింటి బటన్ నొక్కారు. ఎనిమిదో అంతస్తులో గంట మోగింది. డాక్టరు లిఫ్టు కోసం కూడా ఆగకుండా దిగివచ్చి తలుపు తీశాడు. అతని చంకలో చదరంగం పలక ఉంది.

మరుసటి నెల ప్రదర్శనలో ఆ బొమ్మ కింద 'గాడిద' అని రాసి ఉంది. అక్షరాలు ఇసుమంత వంకర లేకుండా మాస్టారే స్వయంగా రాసి ఇచ్చారు.